నోరు ఎనుకకున్న టీవీ

వికారాబాద్,
11 నవంబర్ 2024

అక్కకు దండాలు.

ఈ ఉత్తరం నిరోషా టీచరు చేతుల పెడ్తున్న. మీ ఇంట్ల మీది అర్రలు కిరాయికి తీసుకొని, రోజు రైలెక్కి మా వికారాబాద్ బడికి వచ్చేటి గా పిల్ల లేకుంటే నీ సంగతి నాకు తెలిసే తొవ్వనే లేదు. పదిసార్లు ఫోన్ చేస్తె ఒక్కసారి ఎత్తినవ్. ఎత్తి, "సిగ్నల్ లేదు, ఉత్తరం రాయి" అని పెట్టేసినవ్. తాండూరుల సిగ్నల్ లేకపోవుడేంది అక్కా? బండల గనుల కాడ గూడ నాలుగు గీతలు చూపిస్తది. సరే, పెద్దదానివి, రాయమన్నవ్, రాస్తున్న. మార్కెట్ యార్డుల ముప్పై ఏండ్లు రాసిన చెయ్యి ఇది. రిటైరైనంక సంతకానికి తప్ప లేస్తలేదు. అక్షరాలు వంకర పోతె నవ్వకు.

అసలు సంగతి ఇను. మన బిడ్డ భవ్యశ్రీ లగ్గం ఖాయమైంది. మర్పల్లోళ్లు. ఫిబ్రవరి పదహారు, ఆదివారం, ఇక్కడ ఫంక్షన్ హాల్లనే. పిలగాడు నెమ్మదస్తుడు. సంగారెడ్డిల నౌకరి, ఇంట్ల ఎవుసం ఉన్నది. ఆరేండ్లు నీ దగ్గరుండి పది పాసైన పిల్ల, దానికి ముందు నువ్వు, తర్వాతనే మేం. ముహూర్తం చెప్పంగనే అది అడిగిన మొదటి మాట, "అత్త ఎన్నొద్దుల ముందుగాల వస్తది?" పసుపు కొట్టేటి కాడికెల్లి అప్పగింతల దాక పాటలన్ని నీవే. అమ్మ పాడే అప్పగింతల పాట ఇప్పుడు నీకు తప్ప ఎవ్వలికి రాదు.

టీవీ ఎట్ల నడుస్తున్నది? దీపావళికి ఒక్కతీరువి రెండు కొన్న, నీకొకటి నాకొకటి. యాభై ఐదు ఇంచులు, మందం చూస్తె వేలంత లేదు. గోడకు పటం కట్టినట్టుంటది సార్ అన్నడు దుకాణపోడు. బావ పాత డబ్బా టీవీని నేను తీస్కపోతుంటే నీ మొఖం జర చిన్నగైంది, చూసిన. బావ పోయి ఆరేండ్లాయె. ఇంకెన్నొద్దులు గా డబ్బా ముంగట కూసుంటవ్?

చలి షురువైంది. మోకాళ్లకు నూనె రాసుకో.

నీ తమ్ముడు
బల్వంతు
11-11-2024


తాండూరు,
15 నవంబర్ 2024

తమ్మీ,

నీ ఉత్తరం చదువుకుంట ఒక్కదాన్నే నవ్విన. అక్షరాలు మంచిగనే ఉన్నయి. సంతకం కింద తారీఖు మల్లొకసారి ఏసినవ్, యార్డు అలవాటు పోలే నీకు.

నా పిల్ల లగ్గం అంటే కడుపు నిండింది. మర్పల్లి నుంచి తాండూరుకు ఎంతదూరమో నిరోషాను అడిగిన. దూరం లేదన్నది. పక్కింటి భాగమ్మకు చెప్తె, బట్టలు పిండుడు ఇడిసిపెట్టి తడి చేతులతోనే నన్ను పట్టుకున్నది. చిన్నప్పుడు దాని జడలు ఎవలు ఏసిన్రనుకున్నవ్, సగం భాగమ్మనే.

టీవీ మస్తున్నది. గల్లీ గల్లీ వచ్చి చూసిపోతున్నరు. మన ఇల్లంత బండ గోడలాయె, గరుకు. చలికాలం సెమ్మ గూడ దిగుతది. గంత ఖరీదు సామాను వీపుకు గీతలు పడొద్దని, నా చేతి బొంతను నాలుగు మడతలేసి టీవీ ఎనుక నిండుగ కుక్కిన. ఇప్పుడు నీ టీవీ నాకంటె ఎచ్చగున్నది.

పొద్దుమీకి గా పెద్ద బంగ్లల సీరియల్ చూస్తున్న. అత్త మస్తు మంచిది. కోడలికి జరమొస్తె గలాసల పాలు తెచ్చి, కండ్లల్ల నీళ్లు పెట్టుకొని తాపిచ్చింది. గసుంటి అత్త దొరకాలె మన పిల్లకు.

పాటల సంగతి తర్వాత మాట్లాడుదాం. నీ బీపీ గోలీలు మర్వకు.

అక్క
మనోరమ


వికారాబాద్,
2 డిసెంబర్ 2024

అక్కా,

నీ ఉత్తరం పద్మారాణికి చదివి చెప్పిన. సీరియల్ కాడికి రాంగనే గంటె చేతుల పట్టుకొని నవ్వుడే నవ్వుడు. గా పాలల్ల అత్తనే విషం కలిపిందంట. ఏడ్సింది ప్రేమతోని కాదంట, కోడలు తొందరగ తాగుతలేదని. నువ్వు చూసేది, మేం చూసేది ఒక్క సీరియలేనా? నాకైతె మూడో కథ తెలుసు. వాళ్లు ఏదో భూమి తగాద మాట్లాడుతున్నరనుకున్న నేను. ఒక్క గలాస పాలకు మూడు కథలు.

ఈమె చెవులు ఏం చెవులో అక్కా. మా హాలుకు, వంటింటికి నడుమ చెక్క అడ్డగోడ ఉన్నది చూడు, దానికే బిగిచ్చిన టీవీ. నేను ఎదురుంగ కుర్చేసుకొని కూసుంట. ఈమె అడ్డగోడ అవతల పప్పు ఎనుపుకుంట, టీవీ మొఖమే చూడకుంట, మాట మాట ఒప్పజెప్తది. ఆడోళ్ల చెవులు దేవుడు వేరే మన్నుతోని చేసిండు.

కంది ఈసారి మంచిగ కాసింది. కార్డులు అచ్చుకిచ్చినం. నీ పేరు, బావ పేరు పైనుంచి రెండో వరుసల ఏపిచ్చిన. పసుపు కొట్టుడు పదమూడు తారీఖున పెట్టుకున్నం. నువ్వు పదికే రావాలె. రైల్ల వద్దు, బండి పంపిస్త. పాటల పుస్తకం ఎక్కడున్నదో ఎతికిపెట్టు, భవ్యశ్రీ దాన్ని చూసి నేర్చుకుంటదంట. ఈసారన్న అవునని రాయి. పోయిన ఉత్తరంల పాటల మాట దాటేసినవ్, నేను చూడలేదనుకోకు.

బల్వంతు


తాండూరు,
9 డిసెంబర్ 2024

బల్వంతుకు, అక్క రాసేది ఏందంటే,

పాటల పుస్తకం నిరోషాతోని పంపిస్తున్న. అప్పగింతల పాట ఆఖరి పేజీల ఉన్నది. రాగం రాసేటిది కాదు గని, భవ్యశ్రీ గొంతు మంచిగనే ఉంటది, ఎట్లనో ఒకతీరు పాడుకోమను.

నేను పాడలేను తమ్మీ. గొంతు గూడ ఎనుకటి తీరు లేదు. మోకాళ్లు పట్టేస్తున్నయి. ఇప్పుడు లగ్గాలల్ల డీజే పెడ్తున్నరు గదా, ముసలోళ్ల పాటలు ఎవలికి గావాలె. నా పేరు మీద ఒక చీర పంపిస్త, పసుపు కొట్టినాడు కట్టు అను. వీలైతె లగ్గం రోజు వచ్చి అక్షింతలు ఏసి తెల్లారి పొద్దున్నే మర్లి వస్త. వీలుగాకుంటే గది గూడ లేదు. నేను రాకుంటే లగ్గం ఆగుతదా ఏంది?

నన్ను మల్ల మల్ల అడగకు.

అక్క


వికారాబాద్,
14 డిసెంబర్ 2024

అక్కా,

నీ ఉత్తరం మూడుసార్లు చదివిన. నాకు కోపమొచ్చింది, తర్వాత భయమైంది. భవ్యశ్రీకి చూపియ్యలే. అత్తకు పానం బాగలేదట, వస్తది తియ్యి అని అబద్ధం చెప్పిన. అది పుస్తకంల ఆఖరి పేజీ తెరిచి పెట్టుకొని, "రాగం అత్త వచ్చినంక చెప్తది" అని మూసేసింది.

ఎందుకు అలిగినవో నాకు సమజైంది. బావ టీవీ. అడగనన్న అడగకుంట నీ ఇంట్లకెల్లి ఎత్తుకొచ్చిన. ఆయన రోజు బండల కాడికెల్లొచ్చి, దుమ్ము బట్టలతోని దాని ముంగటనే కూసుంటుండె. ఆయన కుర్చి తీసినట్టే అయింది నీకు. నాకు దిమాక్ లేదు అక్కా, తమ్ముడు కొత్తది తెచ్చిండని నువ్వు సంబురపడ్తవనే చూసుకున్న. తప్పు నాదే.

స్టేషన్ రోడ్డుల బిచ్చయ్యకిచ్చిన దాన్ని. టీవీలు రిపేర్ చేస్తడు. అడగపోతె, దుకాణంల తనే పెట్టుకొని చూస్తున్నడు. "ఇసుంటి గొంతు ఇప్పటి టీవీలకు లేదు సార్, ఇయ్య" అన్నడు. గంటసేపు బతిమిలాడి ఒప్పిచ్చిన. వచ్చే ఆదివారం తనే ట్రాలీ ఆటోల తీసుకొచ్చి మీ ఇంట్ల పెట్టిపోతడు. బావ టీవీ బావ జాగల పెట్టుకో. కొత్తది ఇష్టముంటే ఉంచు, లేకుంటే తియ్యి. గని లగ్గానికి రా.

కింద పద్మారాణి రాస్తదంట.

బల్వంతు

వదినా, అన్నగారు లేరని, లగ్గంల ముంగట నిలబడితె ఎవలన్న ఏమన్న అంటరని ఎనుకకు జరుగుతున్నరా? మా ఇంట్ల గసుంటివి లేవు. మీ తమ్ముడు టీవీ అంటున్నడు, నాకైతె ఇదేమో అనిపిచ్చింది. ఎవలన్న ఒక్క మాటంటె ముందుగాల నేను లేస్త. మీరు పాడకుంటే నా బిడ్డను అప్పజెప్పబుద్ధి కాదు నాకు.
పద్మారాణి


తాండూరు,
17 డిసెంబర్ 2024

తమ్మీ, పద్మా,

ఇద్దరు గలిసి నాతోని నిజం చెప్పిపిస్తున్నరు. టీవీ కాదు. ఎవలో ఏదో అంటరని కాదు. బిచ్చయ్యను ఆగమని చెప్పు, గా డబ్బా నాకు ఇంక పనికిరాదు.

నా చెవులు పోయినయి.

దీపావళి అయినంక కొత్త టీవీ ముంగట కూసున్న. సప్పుడు సన్నగ వస్తున్నది. పెంచిన. ఇంక పెంచిన. వంద దాక పోయింది, ఆమీద అంకె లేదు. మనుషులు మూతులు ఆడిస్తున్నరు, నాకు గాలి ఊదినట్టు ఇనవడ్తున్నది. ఆ పాలల్ల విషముందో ప్రేముందో నాకేం తెలుసు? బొమ్మలు చూసి కథ అల్లుకున్న.

నాయినకు ఎట్ల షురువైందో నీకు యాదుండదు, నువ్వు చిన్నోనివి. మొదాలు రేడియోనే. సెల్లులల్ల బలం తగ్గిందని నెలకు రెండుసార్లు మార్చిండు. సెల్లులు గాదు, చెవులు. ఎదురుంగ కూసుంటే మనుషుల మాట మంచిగనే ఇనవడ్తుండె, నాకు ఇప్పుడు గట్లనే. మూడేండ్లల్ల అదిగూడ పోయింది. యాభై దాటకముందే అందరు ఆయన ముంగట చేతులూపుడు నేర్చుకున్నరు. నా లగ్గంల పందిట్ల ఆయన గొంతు అందరికంటె పెద్దగ వస్తుంటే జనం నవ్విన్రు. పాట నడుస్తున్నదని తెల్వకుంట నడుమిట్ల "భోజనాలు పెట్టున్రి" అని అరిసిండు. గది నాకు ఇయ్యాల్టికి కండ్ల ముంగట ఉన్నది.

రాగం తప్పుతుంటే తప్పుతున్నదని తెల్వని మనిషి, లగ్గంల పాడొద్దు. వియ్యాలోళ్ల ముంగట నా పిల్ల తల దించుకోవద్దు. ఫోన్ ఎందుకు ఎత్తలేదో ఇప్పుడు సమజైంది గదా. చెవిటోని ముంగట శంఖం ఊదినట్టు నువ్వు ఊదుకుంట కూసోవద్దని.

పద్మా, నీ మాటకు ఏడ్సిన. నువ్వు మా ఇంటికొచ్చిన కాన్నుంచి గట్లనే ఉన్నవ్.

భవ్యశ్రీకి చెప్పకున్రి.

మనోరమ


తాండూరు,
23 డిసెంబర్ 2024

బల్వంతూ,

నా చెవులకు ఏం కాలే.

నువ్వు నా ఉత్తరానికి జవాబియ్యలే, బిచ్చయ్యను ఆపలే. ఆపకపోవుడే మంచిదైంది. నిన్న పొద్దుగాల పది గొట్టంగ ట్రాలీ దిగింది. వద్దు వద్దంటుంటె బిచ్చయ్య, భాగమ్మ మొగడు కిష్టప్ప గలిసి డబ్బాను బల్ల మీద పెట్టి, కేబుల్ వైరు దానికి తగిలిచ్చిన్రు. నేను అటు మర్లి నిలబడ్డ, ఎందుకు చూసుడు అని. ఎనుకకెల్లి ఒక ఆడిది, "రేపటికల్లా దీని పీడ ఇరగడైపోవాలె" అన్నది. ఇంట్లకు ఎవలొచ్చిన్రని తిరిగి చూస్తె, సీరియల్ అత్త. వచ్చిందే మల్ల ఏస్తున్నరు. అంకె చూసిన, పద్నాలుగు. పద్నాలుగుకే మాట మాట ఇనవడ్డది. పద్మ చెప్పింది నిజమే, గా అత్తది పెయ్యంత విషమే.

మరి కొత్తదాని సంగతి ఏందని వైరు మార్చి దాన్ని పెట్టినం. వంద ఉన్నా సప్పుడు లేదు. బిచ్చయ్య దాని చుట్టూ తిరిగి, ముంగట ఎక్కడ చిల్లి లేదమ్మా అన్నడు. భాగమ్మ ఎనుకకు తొంగిచూసి, "టీవీకి బొంతెందుకు పెద్దమ్మా, దీనికేమన్న సలిజరమా" అని గుంజింది. ఒక్కసారిగ ఇల్లంత దద్దరిల్లింది తమ్మీ. భాగమ్మ బొంతతోని కిందవడ్డది. నిరోషా మీదికెల్లి చెప్పులు లేకుంట ఉరికొచ్చింది. గల్లీల కుక్కలు మొరిగినయి.

దాని నోరు ఎనుకకున్నది. అర్థమైందా? మాట్లాడుడు గోడతోని మాట్లాడ్తది, మొఖం మనకు చూపిస్తది. ఆమీద నేను నోట్ల బొంత కుక్కిన. నువ్వు ప్రేమతోని తెచ్చినవని నేను ప్రేమతోని కుక్కిన, ఇద్దరి ప్రేమకు నా చెవులు పోయినయనుకొని నలభై దినాలు ఏడ్సిన.

కంపెనీకి నేనే ఫోన్ చేసిన, నిరోషాను చెయ్యనియ్యలే. ఎవలో పిల్ల మాట్లాడింది. ముంగట అంచు సన్నగ ఉండాలని జాగ తీసేసిన్రంట, అందుకని స్పీకర్లు ఎనుకకు పెట్టిన్రంట. మంచిగ ఇనవడాల్నంటే పొడుగు సౌండు డబ్బా వేరేగ కొనుక్కోవాల్నంట. "అంటే నోరు మల్ల కొనుక్కోవాల్నా బిడ్డా" అన్న. అది నవ్వింది, పాపం దాని తప్పేమున్నది. పైన పటారం లోన లొటారం అని మన అమ్మ ఇసుంటి సామానును చూడకుంటనే చెప్పింది.

నేనేం కొనలే. కిష్టప్ప పాలిష్ బండల పనిల చేసినోడాయె, నిమిషం సోంచాయించి టీవీని గోడకెల్లి ఊడదీసి, బల్ల మీద మూరెడు ముంగటికి పెట్టిండు. మీ బావ మిగిలిచ్చిపోయిన నున్నటి బండలు నాలుగు దొడ్లె ఉండె, గవిట్ల రెండు ఎనుక ఏటవాలుగ నిలవెట్టిండు. సప్పుడు బండకు తగిలి ముంగటికి మర్లుతున్నది. నాయిన చెవెనుక అరచెయ్యి అడ్డం పెట్టుకొని ఇంటుండె చూడు, అచ్చం గట్లనే. ఇప్పుడు ముప్పైకి ఇనవడ్తది. పాతది, కొత్తది రెండు పక్కపక్కన పెట్టుకున్న.

నేను పదికే వస్త. గొంతు సాఫ్ చేసుకుంటున్న. భవ్యశ్రీకి చెప్పు, ఆఖరి పేజీ తెరిచి పెట్టుకోమను.

ఒక్క మాట. నీది గూడ ఇదే టీవీ గదా. నీకెట్ల ఇనవడ్తున్నది? పద్మకు అడ్డగోడ అవతల ఎందుకు ఇనవడ్తున్నదో ఇప్పుడు సమజైంది నాకు. నీకు కాలేదా? రెండు బండలు నీకు గూడ బిచ్చయ్య ఆటోల పంపించిన.

అక్క


వికారాబాద్,
8 జనవరి 2025

అక్కా,

జవాబు రాయలేదని కోపానికి రాకు. నీ 'చెవులు పోయినయి' ఉత్తరం వచ్చిననాడు నేను దాన్ని జేబుల పెట్టుకొని కంది చేను దాక నడుచుకుంట పోయి అక్కడ కూసున్న. ఎందుకంటే నాకు గూడ గదే. దీపావళికెల్లి నాకు గూడ టీవీ ఇనవడ్తలేదు. వంటింట్ల ఉన్న ఆమెకు ఇనవడి, ముంగటున్న నాకు ఇనవడకపోతె నేనేమనుకోవాలె? నాయిన నన్ను గూడ పట్టిండు అనుకున్న. నీకు ఓదార్పు రాద్దామంటె, కలం పట్టినప్పుడల్ల నా సంగతే ముందుకొచ్చింది. నువ్వు ఉత్తరాలు రాయమన్ననాడు నేను లోపట ఎంత నిమ్మళమైన్నో నీకు తెల్వదు. ఫోన్ల "ఆఁ? ఏందీ?" అనుడు తప్పిందని.

నీ రెండో ఉత్తరం చూసి నవ్వుకుంట ఏడ్సిన. బండలు వచ్చిననాడే టీవీని అడ్డగోడకెల్లి ఇడిపిచ్చి, నువ్వు చెప్పినట్టే నిలవెట్టిచ్చిన. పద్మారాణి ముంగటికొచ్చి కూసున్నది, "మస్తు సాఫ్ ఉన్నది" అన్నది. నాకు మారింది అక్కా. గని గంత మారలే.

దవఖానకు పోయిన. చెవుల డాక్టరు గంట సేపు చూసిండు. ఎడమ చెవి కొంచెం పోయింది, కుడి చెవి మస్తుగ పోయిందంట. టీవీకి సంబంధం లేదంట, మూడు నాలుగేండ్ల కాన్నుంచి పోతున్నదంట. మెషిన్ పెట్టుకోమన్నడు. చెవులకు అచ్చు తీసుకొని చేపిచ్చి పెడ్తరు, లగ్గమైనంకనే అయితది. పద్మారాణికి ఇంక చెప్పలే. బిడ్డ లగ్గం ముంగట ఈ ఫికర్ ఎందుకు.

అందుకని ఒకటి అనుకున్న. లగ్గం రోజు నేను ఎనుక వంటల కాడ ఉంట. వడ్డన చూసుకుంట. అక్కడైతె అందరు అరుసుకుంటనే ఉంటరు, నేను పెద్దగ మాట్లాడినా ఎవలికి ఎరుకపడదు. ముంగట వియ్యాలోళ్లు ఏదన్న అడిగి నేను ఇంకోటి చెప్తె బాగుండదు. కన్యాదానం కాడ నిమిషం వచ్చి కూసోని పోత. నువ్వు పాడు. నాకు తర్వాత చెప్తువు తియ్యి.

బల్వంతు


తాండూరు,
12 జనవరి 2025

తమ్మీ,

నాలుగుసార్లు ఫోన్ చేసిన, ఎత్తలే. నా సిగ్నల్ మాట నాకే అప్పజెప్తున్నవా?

నీ ఉత్తరంల వంటల కాడ ఉంట అన్న మాట చదివి నాకు అన్నం దిగలే. ఎందుకో చెప్త. ఇది మీ బావకు గూడ చెప్పలే.

నా లగ్గంల నాయిన నడుమిట్ల అరిసిండని, జనం నవ్విన్రని రాసిన గదా. ఆ తర్వాతది రాయలే. నేను పీటల మీదనే ఉన్న. సిగ్గుతోని సచ్చిన. పక్కకొచ్చిన మేనమామ చెవుల, "నాయినను ఎనుకకు తీస్కపోండి మామా" అన్న. మామ పోయి ఆయన చెయ్యి పట్టుకొని వంటల పందిరి కాడికి తీస్కపోయి, పొయ్యిల కాడ కుర్చేసి కూసోవెట్టిండు. వడ్డన చూసుకోమన్నరని ఆయన సంబురంగనే పోయిండు. అప్పగింతలప్పుడు అమ్మ పాడుతుంటే నేను అందర్ని చూసిన. ఆయన లేడు. పొయ్యి పొగల కూసోని ఉన్నడు. పాట అయిపోయినంక ఎవలో చెప్తె ఉరికొచ్చిండు, అప్పటికి జీపు కదిలింది. ఆయన చెయ్యి ఊపుకుంట నిలబడ్డది చూసిన. ఎవలు పంపిచ్చిన్రో ఆయనకు సచ్చేదాక తెల్వదు. నన్ను మంచి బిడ్డ అనుకుంటనే పోయిండు.

యాభై ఏండ్లు ఎవలికి చెప్పలే. చెవులు పోయినయనుకున్న నలభై దినాలు నన్ను నవ్వుతరనే భయపడ్డ, ఎందుకంటే నవ్వొచ్చే జాగల నేను నాయినను దాచిపెట్టిన. నన్ను గూడ గట్లనే దాచాలె అనుకున్న. ఇప్పుడు నువ్వు నీ అంతల నువ్వే పొయ్యి కాడికి పోతానంటున్నవ్.

పోవద్దు. నువ్వు ముంగట కూసోవాలె. మొదటి వరుస, నడుమ కుర్చి. మర్పల్లోళ్లు ఏదన్న అడిగితె ఇనవడలేదని చెప్పు, మల్ల చెప్తరు. వాళ్లకు నోరు ముంగటనే ఉన్నది. పద్మకు ఇయ్యాలనే చెప్పు. చెప్పకుంటే నేనొచ్చి చెప్త.

నాయినకు చెయ్యనిది నీకన్న చెయ్యనియ్యి.

నీ అక్క


వికారాబాద్,
20 ఫిబ్రవరి 2025

అక్కా,

నువ్వు నిన్న పొద్దుగాల రైలెక్కినవ్, ఇల్లు ఒక్కసారి సల్లవడ్డది. పద్మారాణి ఉత్తగనే రెండుసార్లు నీ అర్రలకు పోయొచ్చింది. భవ్యశ్రీ మర్పల్లి నుంచి ఫోన్ చేసింది, పద్మారాణి ఎత్తి నాకు పక్కన కూసోని మాట మాట చెప్పింది. సంబురంగ ఉన్నదంట. అత్త పాలు తెచ్చిచ్చిందంట. పద్మారాణి నవ్వాపుకోలేక, వాసన చూసి తాగు బిడ్డా అన్నది.

రైలెక్కేటప్పుడు అడిగినవ్, పాట ఎంత ఇనవడ్డదని. అప్పుడు తల ఊపిన. నిజం చెప్త.

మొదటి రెండు పాదాలు ఇనవడ్డయి. గప్పుడే కరెంటు పోయి బయట జనరేటర్ మొదలుపెట్టిన్రు చూడు, ఆమీద నాకు అంత గాలి సప్పుడే. నువ్వు నోరు ఆడిస్తున్నవ్, ఆడోళ్లు కొంగులు కండ్లకు పెట్టుకుంటున్నరు, నా బిడ్డ ఏడుస్తున్నది. నేను తెల్వని సీరియల్ చూసినట్టు కూసున్న. లేసి పొయ్యిల కాడికి పోదామనిపిచ్చింది. లేవనే లేసిన, సగం.

నువ్వు చూసినవ్. పాట ఆపకుంటనే వచ్చినవ్, ఒక చేతిల నా బిడ్డ చెయ్యి పట్టుకొని. నన్ను భుజం మీద ఒత్తి కూసోవెట్టి, నీ అరచెయ్యి నా చెవెనుక అడ్డం పెట్టినవ్. టీవీ ఎనుక కిష్టప్ప బండ పెట్టినట్టు. నా చెవి మీదికి వంగి మిగిలిందంత పాడినవ్. నాకు మాట మాట ఇనవడ్డది అక్కా. అమ్మ పాట నేను మొత్తం ఇన్నది గిదే మొదలు.

ఎనిమిది వందల మంది చూస్తుండె. నేను గూడ తల ఎత్తి చూసిన, ఎవలు నవ్వుతున్నరో అని. ఒక్కలు గూడ నవ్వలే.

మెషిన్ సోమవారం పెడ్తమన్నడు డాక్టరు. పెట్టినంక దవఖాన మెట్ల మీదనే నిలబడి మొదాలు నీకు ఫోన్ చేస్త. ఎత్తు. సిగ్నల్ లేదనకు.

బల్వంతు